పైరు గ్రహించని నత్రజని ఎక్కడికి చేరింది? ద్రవ్యనిత్యత్వ నియమం దృష్ట్యా యూరియా లెక్క

మాగాణి వరికి వేసిన యూరియా నత్రజనిలో పైరు గ్రహించేది చాలా సందర్భాలలో 30 నుండి 40 శాతం మాత్రమే. మిగిలినదంతా ‘నష్టం’ అని వ్రాసి ముగించడం పరిపాటి అయినది. రసాయన చర్యకు ముందు, తరువాత ద్రవ్యరాశి సమానమని 1789లో లావోయిజర్ తన గ్రంథంలో పేర్కొన్న నియమం వరిమడికీ వర్తిస్తుంది. కనుక ఆ నత్రజని ఏ రూపంలో, ఎక్కడికి చేరిందో చూపవలసి ఉంటుంది.

యూరియేజ్ ఎంజైము ప్రభావంతో 45 కిలోల శుద్ధ యూరియా 13.5 కిలోల నీటితో చర్య జరిపితే 25.5 కిలోల అమ్మోనియా, 33 కిలోల కార్బన్ డయాక్సైడు ఏర్పడతాయి. ఇరువైపులా మొత్తం 58.5 కిలోలు, నత్రజని 21 కిలోలే. (బస్తాపై ముద్రించిన 46 శాతం ప్రకారమైతే 20.7 కిలోలు.)

ఇక్కడి నుండి దారులు చీలుతాయి. పగటివేళ నాచు కార్బన్ డయాక్సైడును వాడుకోవడం వలన మడి నీటి ఉదజని సూచిక పెరుగుతుంది. అది 9.25 చేరితే, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, అమ్మోనియా రూప నత్రజనిలో దాదాపు సగం వాయువుగా మారగల స్థితిలో ఉంటుంది. బురద పదునులో యూరియా వేసి, 36–48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలన్న సిఫారసు ఈ దారినే అడ్డగిస్తుంది. అయితే మడిని మార్చి మార్చి ఆరబెట్టి తడిపేచోట, ఆరినపుడు ఏర్పడిన నైట్రేటు తిరిగి నీరు నిలిచినపుడు డీనైట్రిఫికేషన్ వలన నత్రజని వాయువుగా వెళ్ళిపోతుంది. తేలిక నేలలలో నైట్రేటు లోపలి పొరలకు దిగిపోతుంది. ఒక్కొక్క దారికి నివారణ వేరు. అన్నింటినీ ‘నష్టం’ అన్న ఒకే పద్దులో కలిపిన నివేదిక విస్తరణ శాస్త్రవేత్తకు ఉపయోగపడదు.

విద్యార్థులు మరొక విషయం గమనించాలి. ఎరువు వేసిన, వేయని మడులలో పైరు గ్రహించిన నత్రజనుల తేడాను కట్టి, వేసిన మోతాదు నుండి తీసివేస్తే వచ్చేది నష్టం కాదు. అందులో కొంత సూక్ష్మజీవుల దేహాలలో, సేంద్రియ పదార్థంలో చేరి నేలలోనే ఉంటుంది. దానిని విడదీయడానికి నత్రజని-15 ఐసోటోపు కలిపిన యూరియా వాడి, కోత సమయంలో మొక్కతోపాటు నేలను పొరలవారీగా విశ్లేషించాలి. గాలిలో 78 శాతం నత్రజనే కనుక డీనైట్రిఫికేషన్‌ను సాధారణ పద్ధతులతో నేరుగా కొలవడం కష్టం. ఇంత చేసినా దొరకని భాగం ఉంటే పట్టికలో ‘లెక్కకు రానిది’ అని ప్రత్యేక వరుసగా చూపి, సాధ్యమైన దారులను దాని ఎదుట పేర్కొనాలి.