విమానాశ్రయములో ఆహార వివేకము

శ్రావకుని ఆహార నియమమునకు ఇంటిలో పరీక్ష తక్కువ. వండువారు తెలిసినవారు, వేళకు భోజనము సిద్ధముగా నుండును. నిజమైన పరీక్ష ప్రయాణమున కలుగును. విమానాశ్రయమున తనిఖీ దాటి లోనికి పోయినవానికి మరల వెలుపలికి వచ్చుట సులభము కాదు. ఆకలియు, తొందరయు ఒక్కసారిగా పైబడును. ఎదుట బర్గరు దుకాణము కనిపించును. అప్పుడేమి చేయవలెను?

ఆకుపచ్చ చుక్కను చూచి చాలమంది తృప్తిపడుదురు. మాంసము, చేప, గ్రుడ్డు లేవనియే ఆ చుక్క చెప్పును. కందమూలములు లేవని చెప్పదు. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1996లో ఢిల్లీలో తన మొదటి భారతీయ భోజనశాలను తెరచినప్పుడు గోమాంసమును, పందిమాంసమును విడిచి, శాకాహారమునకు వంట ఏర్పాటును వేరుచేసెను. ఇది మెచ్చదగినదే. అయినను అచ్చటి ఆలూ టిక్కీ బర్గరునకు బంగాళాదుంపయే ప్రధానము. ఉల్లి ముక్కలను తీసివేయించినంత మాత్రమున దుంప పోవునా? పనీరు బర్గరు కోరినను, దాని పైపూతలో వెల్లుల్లి ఉండవచ్చును.

పరదేశమున మరింత జాగ్రత్త వలయును. అమెరికాలో ఆ సంస్థయే 1990లో బంగాళాదుంప వేపుళ్లకు పశువుల క్రొవ్వును మాని శాకనూనెను వాడసాగెను. కాని వాటి రుచికై చేర్చు ద్రవ్యమున గోమాంస సంబంధము కలదని తెలిసి, 2001లో శాకాహారులు వ్యాజ్యము వేసిరి. 2002లో సంస్థ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు ఇచ్చుటకు అంగీకరించెను. నూనె ఏదని అడిగిన చాలదు; అందు చేర్చినదేమో కూడ అడుగవలెనని దీనివలన తెలియుచున్నది.

ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున హింసకు ప్రమాదముతో సంబంధము చెప్పెను. ఇచ్చట ప్రమాదమనగా ఆపద కాదు, ఏమరుపాటు. ఎంత అడిగినను తెలియక తిన్నవాడు వేరు. అడుగగలిగియు, తొందరలో అడుగక తిన్నవాడు వేరు.

కావున శ్రావకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇందేమున్నది? దేనితో వండిరి? ఇది ఏ వేళ? విద్యుద్దీపముల వెలుగులో సూర్యాస్తమయము తెలియదు. రాత్రి భోజనమును విడిచినవారు ఆ ఊరి అస్తమయ కాలమును ముందే తెలిసికొనుట మేలు.

బయలుదేరుటకు ముందే చేయదగిన పనులును కలవు. అనేక విమాన సంస్థలు జైన భోజనమును ఇచ్చుచున్నవి; దానిని సాధారణముగా ఒకనాడు ముందుగా కోరవలెను. మరమరాలు, వేయించిన శనగలు, ఖాఖ్రా వంటి పొడి పదార్థములను సంచిలో ఉంచుకొనవచ్చును. ఏదియు కుదరనిచో ఒక పూట ఉపవాసమే ఉత్తమము.

దుకాణమున నిలిచిన పనివానిని విసుగుకొనరాదు. ప్రక్కవాని పళ్ళెమును చూచి ఈసడింపరాదు. ఆహారమున అహింసను పాటించువాడు మాటలో హింసించినచో, అతని నియమము సగమే నిలిచినట్లగును.