అరువు అమ్మకముల రొక్కము ఎప్పుడు చేతికి వచ్చును?



2002లో కంపెనీల చట్టమును సవరించిన పిదప, రైతులే వాటాదారులుగా ఉత్పత్తిదారుల కంపెనీలు ఏర్పరచుకొనుటకు వీలు కలిగినది. అట్టి కంపెనీ ఒకటి సభ్యుల కందులు కొని, పప్పు పట్టించి, పట్నపు దుకాణములకు అరువుపై అమ్ముచున్నదనుకొనుడు. కందులు తోలిన రైతునకు చెప్పిన దినమున పైకము ఈయవలెను. దుకాణదారు మాత్రము నెలో, రెండు నెలలో ఆగి ఇచ్చును. ఈ ఎడమును ముందుగా లెక్కకట్టనిచో, సరుకు బాగుగా అమ్ముడైన నెలలోనే రైతునకు చెల్లించుటకు రొక్కముండదు. మరుసటి యేడు అతడు తన కందులను దళారికే ఇచ్చును.

మొదట పాత పుస్తకములు తీయుడు. ఒక్కొక్క నెల అరువు అమ్మకమెంత, అందులో ఆ నెలలోనే వసూలైనదెంత, మరుసటి నెల ఎంత, ఆపై నెల ఎంత అని వ్రాసికొనుడు. కనీసము ఒక సంవత్సరపు లెక్క చూడవలెను. బిల్లు తేదీ కాదు, చెక్కు ఇచ్చిన తేదీ కాదు, బాంకు ఖాతాలో పైకము జమపడిన తేదీయే పట్టుకొనవలెను.

ఇట్లు చూడగా నూటికి 30 రూపాయలు అమ్మిన నెలలోను, 50 మరుసటి నెలలోను, 15 ఆపై నెలలోను వచ్చి, 5 రూపాయలు మొండిబాకీగా నిలుచుచున్నట్లు తేలినదనుకొందము. అమ్మకములు నవంబరులో 2 లక్షలు, డిసెంబరులో 4 లక్షలు, జనవరిలో 6 లక్షలు. జనవరిలో చేతికి వచ్చునది 6 లక్షలు కాదు. జనవరి అమ్మకములో 1,80,000, డిసెంబరుదానిలో 2,00,000, నవంబరుదానిలో 30,000, వెరసి 4,10,000 రూపాయలు మాత్రమే. ఆ నెలలో కందులకు 4,50,000, కూలికి, కరెంటుకు 40,000 చెల్లించవలసియున్నచో 80,000 తక్కువ పడును.

ఫిబ్రవరి అమ్మకము 5 లక్షలకు తగ్గినను వసూలు 5,10,000కు పెరుగును. మార్చిలో 3 లక్షలే అమ్మినను 4,30,000 వచ్చును. అమ్మకము పెరుగునపుడు వసూలు వెనుకబడును. తగ్గునపుడు పాత బాకీలు వచ్చి చేరును. అనగా జనవరి కొరత నష్టము కాదు, ఆలస్యము మాత్రమే. ఇది డిసెంబరులోనే తెలిసినచో బాంకువారిని తాత్కాలికపు అప్పు అడుగుటకు వ్యవధి యుండును. జనవరి 25న అడిగినవానికి ఏ బాంకు తొందరపడి ఇచ్చును?

ఈ సగటు లెక్క చిన్న దుకాణములు అనేకముగా నున్నచోటనే సరిపోవును. సగము సరుకు ఒక్కరే కొనుచున్నచో ఆ ఖాతాను విడిగా తీసి, ఆయన లోగడ ఎన్ని దినములకు ఇచ్చెనో చూచి వ్రాయవలెను. “వచ్చే వారము తప్పక ఇత్తును” అను మాటకు అంచనాలో చోటులేదు. మొండిబాకీని కూడ అంచనాలో చేర్చరాదు, వచ్చిననాడు జమకట్టుకొనవచ్చును.

ఉద్యమ్ నమోదు పొందిన చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారు, వ్రాతపూర్వకమైన ఒప్పందమున్నను, 45 దినములు మించకుండ చెల్లించవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. బాకీ అడుగుటకు ఇది మంచి ఆధారమే. అయినను అంచనా వ్రాయునపుడు చట్టపు గడువును గాక, మీ పుస్తకములోని వాడుకనే నమ్ముడు.

నెల ముగియగానే అంచనా ప్రక్కన అసలు వసూలు వ్రాయుడు. మొదటి నెలలో రావలసిన 30 రూపాయలు వరుసగా రెండు నెలలు 22కు దిగినచో, ఏ దుకాణము జాప్యము చేయుచున్నదో పేరుపేరున చూచి, దానికి క్రొత్త అరువు ఇచ్చుటకు ముందు పాతబాకీ అడుగుడు.