నాలుగేళ్లూ చదివిన నంబర్‌ వన్‌

1995 వేసవిలో టిమ్‌ డంకన్‌ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు వచ్చిన అవకాశాన్ని వద్దనుకున్నాడు. అమెరికాలో బాస్కెట్‌బాల్‌ ఆడే ప్రతి పిల్లవాడూ కలలుగనే ఎన్‌బీఏ అతన్ని పిలుస్తోంది. ఏటా జట్లన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పేరు ఇస్తే చాలు, మొదటి వరసలోనే తీసుకుంటారని ఆట తెలిసినవాళ్లు చెప్పుకుంటున్నారు. అతను పేరు ఇవ్వలేదు. నార్త్‌ కరోలినాలోని వేక్‌ ఫారెస్ట్‌ విశ్వవిద్యాలయంలో మూడో ఏడాది చదువుకు వెళ్లాడు.

ఆ ఏడు డ్రాఫ్ట్‌లో మొదటి నాలుగు స్థానాల్లో ఎంపికైన జో స్మిత్‌, ఆంటోనియో మెక్‌డైస్‌, జెర్రీ స్టాక్‌హౌస్‌, రషీద్‌ వాలెస్‌ నలుగురూ అతనిలాగే రెండో ఏడాది పూర్తిచేసిన విద్యార్థులే. వాళ్లు లక్షల డాలర్ల ఒప్పందాల మీద సంతకాలు పెడుతుంటే ఇతను పుస్తకాలు పట్టుకుని క్లాసుకు వెళ్లాడు. క్యాంపస్‌ ప్లేస్‌మెంట్ల రోజుల్లో కాలేజీ వరండాలో నిలబడ్డ ఎవరికైనా ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుసు. 1996లోనూ అదే పిలుపు వచ్చింది, అదే జవాబు వెళ్లింది. 1997లో మనస్తత్వశాస్త్రంలో పట్టా తీసుకున్న తర్వాతే డంకన్‌ డ్రాఫ్ట్‌కి వచ్చాడు. శాన్‌ ఆంటోనియో స్పర్స్‌ అతన్ని ఆ ఏడాది మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. ఆ ఒక్క జట్టుకే 19 సీజన్లు ఆడాడు, అయిదుసార్లు విజేతగా నిలిపాడు.

ఇంతవరకే చెప్పి, డిగ్రీ పూర్తి చేస్తేనే పైకొస్తారని తేల్చేస్తే అది నిజం కాదు. డంకన్‌తో పాటు 2020 హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌ జాబితాలో చోటు దక్కించుకున్న కెవిన్‌ గార్నెట్‌, కోబీ బ్రయంట్‌ ఇద్దరూ కాలేజీ గడప తొక్కకుండా హైస్కూల్‌ నుంచి నేరుగా ఎన్‌బీఏకి వెళ్లినవాళ్లు. ముగ్గురూ ఒకే శిఖరం ఎక్కారు, దారులు వేరు. అందుకే డంకన్‌ కథలో నన్ను ఆకట్టుకునేది పట్టా కాదు. ఆఫర్‌ చేతికి రాకముందే తాను ఏది పూర్తి చేయాలో అతను నిర్ణయించుకుని ఉన్నాడు. ఆఫర్‌ వచ్చాక ఆలోచన మొదలుపెట్టేవాడికీ, ముందే ఆలోచించుకున్నవాడికీ చాలా తేడా ఉంటుంది. మొదటివాడి తరఫున నిర్ణయం తీసుకునేది ఆఫరే.

ఆ ముందస్తు నిర్ణయం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే కరీబియన్‌ సముద్రంలోని సెయింట్‌ క్రోయి అనే చిన్న దీవికి వెళ్లాలి. అది అమెరికా పాలనలోని వర్జిన్‌ దీవుల్లో ఒకటి. డంకన్‌ అక్కడ 1976 ఏప్రిల్‌ 25న పుట్టాడు. తల్లి మంత్రసానిగా పనిచేసేది. అక్క ట్రిషియా 1988 సియోల్‌ ఒలింపిక్స్‌లో ఈతలో పోటీపడింది. తమ్ముడు డంకనూ ఈతగాడే. 400 మీటర్ల ఫ్రీస్టైల్‌ అతని ఈవెంట్‌, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌ అతని గురి. బాస్కెట్‌బాల్‌ అతని ఆలోచనల్లోనే లేదు.

1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను దీవిని చిందరవందర చేసింది. అక్కడున్న ఒకే ఒక్క ఒలింపిక్‌ స్థాయి ఈతకొలను ధ్వంసమైంది. సముద్రంలో సాధన చేయమన్నారు కానీ, సొరచేపల భయంతో అతనికి ఈత మీద ఉత్సాహమే పోయింది. మర్నాడు పద్నాలుగో పుట్టినరోజు అనగా, 1990 ఏప్రిల్‌ 24న, రొమ్ము క్యాన్సర్‌తో తల్లి కన్నుమూసింది. కాలేజీ చదువు పూర్తి చేసి పట్టా తెచ్చుకుంటామని ఆమెకు పిల్లలు మాట ఇచ్చారు. అయిదేళ్ల తర్వాత ఎన్‌బీఏ పిలిచినప్పుడు డంకన్‌ను కాలేజీలో ఉంచింది ఆ మాటే.

ఈత అనే మొదటి ప్రణాళిక అతని తప్పేమీ లేకుండానే మొత్తం కూలిపోయింది. ఈఏపీసెట్‌ ర్యాంకు ఊహించినట్టు రాకపోతేనో, నోటిఫికేషన్‌ కోసం మూడేళ్లు చదివాక అది కోర్టులో ఆగిపోతేనో మన పిల్లలు కుంగిపోవడం చూస్తుంటాం. ఆ బాధ చిన్నది కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. డంకన్‌ కూడా వెంటనే లేచి పరిగెత్తలేదు. కాలేజీలో ఆడిన అనుభవమున్న బావ ఇంటి దగ్గర బంతి పట్టుకోవడం నేర్పాడు. తొమ్మిదో తరగతిలో, పద్నాలుగేళ్ల వయసులో, అతను ఈ ఆటలోకి వచ్చాడు. అమెరికాలో పిల్లలు అయిదారేళ్లకే బంతి పడతారు కాబట్టి అది బాగా ఆలస్యమే. కానీ తెల్లారేసరికి కొలనులో దిగడం, రోజూ అదే పనిని విసుగు లేకుండా చేయడం, ఊపిరి బిగపట్టి చివరి గోడ దాకా వెళ్లడం అతనికి అప్పటికే అలవాటు. ఒక రంగం మూసుకుపోతే అక్కడ సంపాదించిన అలవాట్లు కూడా పోతాయని చాలామంది అనుకుంటారు. గ్రూప్స్‌కి నాలుగేళ్లు చదివినవాడికి ఉద్యోగం రాకపోయినా, పది గంటలు కూర్చుని చదవగల ఓపిక, ఒక విషయాన్ని రెండు పేజీల్లో రాయగల నేర్పు మిగిలే ఉంటాయి. వాటిని రెజ్యూమెలో ఎలా చెప్పాలో తెలియకే చాలామంది ఆ నాలుగేళ్లను 'గ్యాప్‌' అని రాసి తలదించుకుంటున్నారు.

వేక్‌ ఫారెస్ట్‌ కోచ్‌ డేవ్‌ ఓడమ్‌ అతన్ని తీసుకున్నప్పుడు పెద్ద విశ్వవిద్యాలయాలు అతని కోసం క్యూ కట్టలేదు. కాలేజీ తరఫున ఆడిన మొదటి ఆటలో డంకన్‌ చేసిన పాయింట్లు సున్నా. నాలుగో ఏడాది ముగిసేసరికి దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు అతనే. మధ్యలో చదువు నామమాత్రంగా సాగలేదు. అతిగా గొప్పలు చెప్పుకునేవాళ్ల పట్ల ఇతరులు ఎలా స్పందిస్తారు అన్న విషయం మీద తన ఆచార్యుడితో, మరికొందరితో కలిసి రాసిన వ్యాసం 1997లో ఒక మనస్తత్వశాస్త్ర గ్రంథంలో అధ్యాయంగా అచ్చయింది. అహంకారాన్ని అధ్యయనం చేసిన ఆ కుర్రాడు తర్వాత రెండు దశాబ్దాలు అహంకారానికి కొదవలేని వృత్తిలో నెమ్మదస్తుడిగా పేరు తెచ్చుకున్నాడు. చదువు ఉద్యోగానికి పనికొచ్చిందా అని అడిగేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. డిగ్రీలో చదివిన సబ్జెక్టు ఉద్యోగం పేరులో కనిపించకపోవచ్చు. పక్కవాళ్లతో పనిచేసే తీరులో కనిపిస్తుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. డంకన్‌ ఎదురుచూడటంలో ప్రమాదం ఉంది. ఆ రెండేళ్లలో మోకాలికి గట్టి దెబ్బ తగిలి ఉంటే ఈ వ్యాసం రాసే పనే ఉండేది కాదు. ఇంట్లో అప్పు వడ్డీ పెరుగుతూ, చెల్లెలి ఫీజు కట్టాల్సి ఉంటే చేతికొచ్చిన ఉద్యోగంలో చేరడమే సరైన నిర్ణయం, అందులో తక్కువతనం ఏమీ లేదు. చదువు సాయంత్రాల్లోనో దూరవిద్యలోనో పూర్తి చేసుకోవచ్చు. ఇంట్లో అంత అవసరం లేకపోయినా, పక్కవాడికి వచ్చింది కదా అన్న కంగారుతో ఏదో ఒకదానిలో దూరిపోయేవాళ్ల గురించే నా బెంగ. మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు ఆఫర్లు రాకముందే ఒక సాయంత్రం కూర్చుని, నేను పూర్తి చేయకుండా వదలకూడనిది ఏమిటి, ఎంత జీతమైతే దాన్ని పక్కన పెడతాను అని కాగితం మీద రాసుకోండి. ఇంట్లోవాళ్లకు చూపించండి. ఆ కాగితం రేపు మీ తరఫున మాట్లాడుతుంది.

తోటి దిగ్గజం షకీల్‌ ఓనీల్‌ డంకన్‌కి 'బిగ్‌ ఫండమెంటల్‌' అని పేరు పెట్టాడు. ఎంత తరచి చూసినా కనిపించేవి పునాది మెలకువలే. ఆరడుగుల పదకొండు అంగుళాల మనిషి ఎగిరి బంతిని రింగులోకి దంచితే స్టేడియం ఊగిపోతుంది. డంకన్‌ మాత్రం ఎడమవైపు ఏటవాలుగా నిలబడి, బోర్డు మీద గీసిన చతురస్రానికి బంతిని తగిలించి రింగులో వేసేవాడు. దాన్ని బ్యాంక్‌ షాట్‌ అంటారు. స్కూలు పిల్లలకు మొదట నేర్పేదే అది, చూడటానికి పాతకాలపు ఆటలా ఉంటుంది. ఆ కోణంలో బోర్డును గురిగా పెట్టుకుంటే దూరం అంచనా కాస్త తప్పినా బంతి లోపల పడే వీలుంటుంది. ప్రత్యర్థులందరికీ ఆ షాట్‌ వస్తుందని తెలుసు, అయినా ఆపలేకపోయారు.

ఇంటర్వ్యూల్లో మన విద్యార్థులు తడబడేది ఎక్కువగా ఇలాంటి చోటే. రెజ్యూమెలో కృత్రిమ మేధ కోర్సులు అయిదారు ఉంటాయి, రెండు పట్టికలను కలిపే చిన్న ఎస్‌క్యూఎల్‌ ప్రశ్న అడిగితే చెమటలు పడతాయి. బీకామ్‌ పిల్లలు ట్యాలీ సర్టిఫికెట్‌ చూపిస్తారు, తరుగుదల పద్దు ఎందుకు రాస్తారంటే చెప్పలేరు. సాఫ్ట్‌వేర్‌ పరికరాలు రెండు మూడేళ్లకోసారి మారతాయి. ప్రశ్న అడిగేవాడు తరచి చూసేది మారనిదాన్నే.

2003 ఫైనల్స్‌ ఆరో ఆటలో న్యూజెర్సీ నెట్స్‌ మీద డంకన్‌ 21 పాయింట్లు, 20 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10 అసిస్టులు (తోటి ఆటగాడు పాయింట్లు చేసేలా బంతి అందించడం) సాధించాడు, 8 షాట్లను అడ్డుకున్నాడు. ఆ రాత్రితో టైటిల్‌ స్పర్స్‌ సొంతమైంది. జట్టులోని పెద్దాయన డేవిడ్‌ రాబిన్సన్‌కి అదే ఆఖరి ఆట. రాబిన్సన్‌ గురించి కూడా చెప్పుకోవాలి. 1987 డ్రాఫ్ట్‌లో అతన్ని మొదటి ఎంపికగా తీసుకున్న స్పర్స్‌, నౌకాదళంలో అతని సేవాకాలం ముగిసేదాకా రెండేళ్లు ఆగింది. 1989లో గానీ అతను బరిలోకి దిగలేదు. డంకన్‌ వచ్చాక, అప్పటిదాకా తనదైన జట్టులో కుర్రాడికి మెల్లగా చోటిచ్చి పక్కకు జరిగాడు. మొదటి ఉద్యోగంలో జీతం తర్వాత చూడవలసింది మీ పైన కూర్చున్న మనిషి ఎలాంటివాడన్నదే. నేర్పేవాడు దొరికితే పదివేలు తక్కువైనా నష్టం లేదు.

స్పర్స్‌ కోచ్‌ గ్రెగ్‌ పోపోవిచ్‌ డ్రాఫ్ట్‌ రోజుల్లో సెయింట్‌ క్రోయి వెళ్లి డంకన్‌తో కలిసి సముద్రంలో ఈదాడు. అక్కడ కుదిరిన స్నేహం డంకన్‌ ఆడిన 19 సీజన్లూ నిలిచింది. పోపోవిచ్‌ కోపిష్టి. జట్టులో అందరికన్నా గొప్ప ఆటగాడే కోచ్‌ మందలింపును మౌనంగా వింటే మిగతావాళ్లు ఎదురు చెప్పలేరు. ఫ్రాన్స్‌ నుంచి వచ్చిన టోనీ పార్కర్‌, అర్జెంటీనా నుంచి వచ్చిన మాను జినోబిలీ ఆ వాతావరణంలోనే ఎదిగారు. 2012లో కొత్త ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు డంకన్‌ తన జీతాన్ని సగానికన్నా తక్కువకు తగ్గించుకున్నాడు, జట్టు మంచి ఆటగాళ్లను నిలుపుకోవడానికి అది ఉపయోగపడింది. మరుసటి ఏడు ఫైనల్స్‌ ఏడో ఆట చివరి నిమిషంలో, మయామీ మీద, దగ్గరి నుంచి వేసిన తేలికైన షాట్‌ గురి తప్పింది. నిరాశతో నేల మీద చేత్తో చరిచాడు. అప్పటికి వయసు 37. 2014లో అదే మయామీని 4-1తో ఓడించి అయిదో టైటిల్‌ గెలిచారు.

డబ్బు విషయంలో మాత్రం అతను దెబ్బతిన్నాడు. ఏళ్ల తరబడి నమ్మిన ఆర్థిక సలహాదారు మోసం చేశాడు. ఆ మనిషి 2017లో నేరం ఒప్పుకుని నాలుగేళ్ల జైలుశిక్షకు గురయ్యాడు. నష్టం రెండు కోట్ల డాలర్లు దాటిందని డంకన్‌ పక్షం చెప్పింది. అంత జాగ్రత్తగా ఆడినవాడు తన ముందు పెట్టిన కాగితాలను అంతే జాగ్రత్తగా చూసుకోలేకపోయాడు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు సర్వీస్‌ బాండు, నోటీసు గడువు, మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము అన్నీ చదివాకే సంతకం చేయాలి. అసలు సర్టిఫికెట్లు ఇచ్చేయమన్నా, ముందు డబ్బు కడితే 'బ్యాక్‌డోర్‌' ఉద్యోగం ఇప్పిస్తామన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

2016 జులై 11న డంకన్‌ ఆట నుంచి తప్పుకున్నాడు. వీడ్కోలు యాత్రలు పెట్టుకోలేదు, జట్టు ఒక ప్రకటన ఇచ్చిందంతే. 26,496 పాయింట్లు, 15,091 రీబౌండ్లు, రెండుసార్లు లీగ్‌ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతని లెక్కలో ఉన్నాయి. కార్లంటే ఇష్టం కాబట్టి ఆడుతుండగానే శాన్‌ ఆంటోనియోలో వాటిని తీర్చిదిద్దే వర్క్‌షాపు పెట్టాడు. 2019-20 సీజన్‌లో స్పర్స్‌కి సహాయ కోచ్‌గా పనిచేసి, తర్వాత ఆ బాధ్యత వదిలేశాడు.

ఆటతోనే బతకాలనుకునే మన విద్యార్థులు ఆటగాడి కొలువు ఒక్కటే చూడకండి. పాటియాలాలోని నేతాజీ సుభాష్‌ జాతీయ క్రీడా సంస్థ కోచింగ్‌ డిప్లొమా ఇస్తుంది. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థలో వ్యాయామ విద్యలో డిగ్రీ, పీజీ ఉన్నాయి, ఇంఫాల్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఉంది. మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లకు క్రీడా మనస్తత్వశాస్త్రం, ఫిజియోథెరపీ చదివినవాళ్లకు క్రీడా గాయాల చికిత్స, గణాంకాలు చదివినవాళ్లకు ఆటల డేటా విశ్లేషణ తెరిచి ఉన్న దారులే. సీట్లు, అర్హతలు, శారీరక పరీక్షల వివరాలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆయా సంస్థల అధికారిక ప్రకటన చూసుకుని, అక్కడ చదువుతున్న సీనియర్‌ ఒకరితో మాట్లాడాకే దరఖాస్తు చేయండి.