అతిసారమునందు చక్కెర నీరు : గాఢత లెక్క

వేసవి ముగిసి తొలకరి పడు వేళకు కోనరావుపేట వంటి పల్లెలలోను, సిరిసిల్ల, కోరుట్ల వంటి పట్టణములలోను పసిపిల్లలకు అతిసారము కలుగుట కద్దు. బిడ్డ నీరసించినదని పెద్దలు గ్లాసెడు నీటిలో నాలుగు చెంచాల చక్కెర కలిపి ప్రేమతో త్రాగింతురు. విరేచనములు తగ్గకపోగా హెచ్చును! లోపమంతయు కొలతలోనే యున్నది.

ప్రేగు గోడల గుండా నీరు పలుచని వైపు నుండి చిక్కని వైపునకు పోవును. దీనిని ద్రవాభిసరణమందురు. ఇచ్చట బరువు కంటె కరిగిన కణముల సంఖ్య ముఖ్యము. లీటరు నీటిలో ఆ సంఖ్యను తెలుపునదే ఆస్మొలారిటీ. మన రక్తమునకిది ఇంచుమించు 275 నుండి 295 మిల్లీ ఆస్మోల్‌లు.

లెక్క సులభము. గ్రాములను అణుభారముచే భాగించి, వేయిచే హెచ్చవేసి, నీటిలో ఎన్ని ముక్కలగునో ఆ సంఖ్యచే మరల హెచ్చవేయవలెను. లీటరు నీటికి ఆరు తలగొట్టు టీ చెంచాల చక్కెర, అనగా 25 గ్రాములు, అణుభారము 342. ఫలితము 73. అర చెంచా మెత్తని ఉప్పు సుమారు 3 గ్రాములు, అణుభారము 58.5. అది సోడియము, క్లోరైడు అని రెండగును గనుక 103. వెరసి 176. అయితే చక్కెర ప్రేగులలో గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీలును. అప్పుడు 73 కాస్తా 146 అయి, మొత్తము 249కి చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓ.ఆర్.ఎస్. గాఢత 245. వంటింటి చెంచా ఎంత దగ్గరకు వచ్చినదో చూడుడు.

ఇక ఆ గ్లాసెడు షర్బతు సంగతి. 200 మి.లీ.లో 17 గ్రాములనగా లీటరుకు 85 గ్రాములు. చీలిన పిదప సుమారు 500! రక్తము కంటె చిక్కన గనుక అది శరీరములోని నీటినే ప్రేగులలోనికి లాగును. ఉప్పు హెచ్చినను ప్రమాదమే. కన్నీటి కంటె ఉప్పగా నుండరాదు. కల్లుప్పు చెంచాతో సరిగా కొలతకు రాదు.

పెద్దలు చెప్పిన పేలాల జావ, ఉప్పు వేసిన పలుచని గంజి ఈ లెక్కకు చక్కగా నిలుచును. పిండి అణువులు పెద్దవి, కావున సంఖ్యలో తక్కువ.

పొటాషియము, సిట్రేటు గల ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరికినచో అదియే మేలు. పొట్లముపై వ్రాసిన కొలత నీటిలో మొత్తము ఒకేసారి కలుపవలెను. కాచి చల్లార్చిన నీటినే వాడి, 24 గంటలు దాటినచో పారబోయవలెను. రెండేండ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మి.లీ. కొద్దికొద్దిగా త్రాగింపుడు; తల్లిపాలు మాన్పరాదు. కన్నులు లోతుకు పోయినను, మూత్రము ఆగినను, మలములో రక్తము కనిపించినను, బిడ్డ మగతగా నున్నను వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను; దారి పొడవునను ద్రావణమును పట్టుచుండుడు. మగతలోనున్న బిడ్డకు మాత్రము నోట ఏమియు పోయరాదు.