మావోడికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో టెక్కలి, రాజాం, చీపురుపల్లి వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు ఒకప్పుడు ఇంజినీరింగ్ సీటు గురించే అడిగేవారు. ఇప్పుడు కొత్త ప్రశ్న ఒకటి వినిపిస్తోంది. ‘సార్, మావోడు మ్యూజిక్ ప్రొడక్షన్ అంటన్నాడు. యాపిల్ లాప్‌టాప్ కొనీమంటారా? ఏ సాఫ్ట్‌వేర్ అయితే బాగుంటాది?’

పిల్లవాడి ఇష్టాన్ని చెవిన పెట్టే తల్లిదండ్రులు పెరగడం సంతోషమే. కానీ ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్, దానికి తగ్గ లాప్‌టాప్, హార్డ్‌డిస్క్ నిండా శబ్దాలు కొనిచ్చి ఏదో ఒక కోర్సులో చేర్పిస్తే రెండేళ్లలో సినిమాల్లో పేరు పడుతుందని. ఆ నమ్మకం మీద ఇళ్లలో డబ్బు నీళ్లలా పోతోంది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ముందు ఆ పనేమిటో చూద్దాం. శాంపిల్ అంటే రికార్డు చేసి దాచుకున్న చిన్న శబ్దం. ఒక డప్పు దెబ్బ కావచ్చు, చప్పట్లు కావచ్చు, ఒక ఆవర్తం తాళం ముక్క కావచ్చు. పాట కట్టేవాళ్ల సమయంలో పెద్ద వాటా వీటిని వెతకడానికే పోతుంది. సంగీత దర్శకుడు పక్కన కూర్చుని ‘ఇది వద్దు, ఇంకాస్త బరువైనది’ అంటే అసిస్టెంట్ వెంటనే మరొకటి వినిపించాలి. చీరల కొట్టులో మంచి సేల్స్‌మన్ మీరు మాట పూర్తి చేసేలోపే సరైన అరలోంచి చీర తీసి పరుస్తాడు చూడండి, ఆ నైపుణ్యమే ఇక్కడా కావాలి. ఐదు నిమిషాలు ఫోల్డర్లు తవ్వుతూ కూర్చుంటే దర్శకుడి ఆలోచన చెదిరిపోతుంది. స్టూడియోలో కొత్తగా చేరినవాడి విలువ తేలేది ఇక్కడే.

కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ముందుగా చూడవలసింది దాని బ్రౌజర్‌ను, అంటే శబ్దాలు వెతికే కిటికీని. మీ ఫోల్డర్‌ను అందులో కలిపి, కింది బాణం మీట నొక్కుతూ పోతే శబ్దాలు ఒకదాని వెంట ఒకటి తడబడకుండా వినిపించాలి. మీ పాట నడుస్తుండగానే, ఆ పాట వేగానికి సర్దుకుని వినిపిస్తే మరీ మంచిది. నచ్చినదానికి గుర్తు పెట్టుకునే వీలుండాలి, లాగి ట్రాక్ మీద పడేస్తే అక్కడే నిలవాలి.

ఎబుల్‌టన్ లైవ్ ఈ విషయంలో చాలా బాగుంటుంది. లూపులను, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలను, పాట వేగంలోనే వినిపిస్తుంది. 12వ వెర్షన్‌లో ఒక శబ్దాన్ని పోలిన శబ్దాలను తనే వెతికి పెడుతుంది. 30 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు, కానీ కొనాలంటే మన ఇళ్లకు భారమే. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎడమ పక్కన బ్రౌజర్ ఉంటుంది, నొక్కితే శబ్దం పలుకుతుంది. బీట్లు కట్టే కుర్రాళ్లకు అది సులువు. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితం. అయితే ట్రయల్‌లో సేవ్ చేసిన పనిని కొనేవరకు మళ్లీ తెరవలేరు. లాజిక్ ప్రో యాపిల్ పరికరాల్లోనే నడుస్తుంది. దాని కోసమే మ్యాక్ కొనడం తొలి అడుగులో అనవసరం.

నా మొగ్గు రీపర్ వైపు. ఎక్కించుకోవడానికి చాలా చిన్నది, పాత లాప్‌టాప్‌లోనూ పరుగెడుతుంది. 60 రోజులు ఏ కోతా లేకుండా పూర్తిగా వాడి చూడవచ్చు. ఆ తర్వాత విద్యార్థికి వర్తించే లైసెన్సు 60 డాలర్లు, అంటే మన డబ్బుల్లో ఐదు వేలకు పైనే. ఇందులోని మీడియా ఎక్స్‌ప్లోరర్ శబ్దాన్ని వినిపిస్తుంది, వేగం కలుపుతుంది, శ్రుతి మారుస్తుంది. చూడ్డానికి అందంగా ఉండదు, నేర్చుకోవడానికి కొంచెం ఓపిక కావాలి. ఆ ఓపిక లేనివారు ఈ వృత్తిలో ఎలాగూ నిలవలేరు. ఇంట్లో పాత లాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌తో నడుస్తుంటే దాన్ని తీయించి ఎస్ఎస్‌డీ వేయించండి. శబ్దాలు వెతికే వేగంలో ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

‘క్రాక్’ సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పాలి. స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడని ఎక్కించిన ఆ ఫైళ్ల వెంట పాస్‌వర్డులు దొంగిలించే వైరస్‌లు రావచ్చు. అదే లాప్‌టాప్‌లో నాన్నగారి బ్యాంకు ఖాతా తెరుస్తారు. నెట్‌లో దొరికిన శబ్దాలన్నీ వాడుకోదగినవీ కావు. ఫ్రీసౌండ్ లాంటి వెబ్‌సైట్లో కొన్నింటికి ఏ షరతూ ఉండదు, కొన్నింటికి పేరు చెప్పాలి, కొన్నింటిని డబ్బు వచ్చే పనికి వాడకూడదు. ఇది చదవకుండా పాట కట్టి యూట్యూబ్‌లో పెడితే తర్వాత తలనొప్పే.

ఇక అసలు భయం కోర్సుల మీద. విశాఖలో, హైదరాబాద్‌లో, చెన్నైలో ‘ఆరు నెలల్లో మ్యూజిక్ ప్రొడ్యూసర్, నూరు శాతం ప్లేస్‌మెంట్’ అంటూ లక్షల్లో ఫీజు చెప్పేవారున్నారు. ఈ రంగంలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు దాదాపు ఉండవు. చేసిన పని వినిపించాలి, నచ్చితే పిలుస్తారు, చాలాకాలం సహాయకుడిగా ఉండాలి, మొదట్లో జీతం చిన్నది. 2018లో తిత్లీ తుపాను కూల్చేసిన జీడి, కొబ్బరి తోటలను ఉద్దానం రైతులు మళ్లీ మొక్క నుంచి పెంచుకుంటూ వచ్చారు. అలాంటి తోటను ఇలాంటి కోర్సు కోసం తాకట్టు పెడతామంటే ఒప్పుకోను, ఎవరినీ ఒప్పుకోనివ్వను. ఫీజు కట్టేముందు మూడు విషయాలు అడగండి. పాఠం చెప్పేవారు ఏ పని చేశారు, స్టూడియోలో పిల్లవాడు తన చేత్తో పనిచేసే గంటలెన్ని, వారి కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సులున్నాయా? సరైన జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

సంగీతం నేర్చుకోవడానికి మనకు ఇంటి ముంగిటే దారి ఉంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు. ఘంటసాల, పి.సుశీల అక్కడే చదువుకున్నారు. గాత్రమో మృదంగమో వయొలినో రెండేళ్లు అక్కడ శ్రద్ధగా నేర్చుకున్నవారికి శ్రుతి తప్పిన శాంపిల్ వినగానే తెలిసిపోతుంది. ప్రభుత్వ కళాశాల కాబట్టి ఫీజు భారం కాదు. లక్షల కోర్సుకు ముందు ఈ గుమ్మం ఎక్కమంటాను.

విదేశీ శాంపిల్ ప్యాకుల్లో ‘ఇండియన్’ అనే ఫోల్డర్ తెరిస్తే తబలా, సితార్ దొరుకుతాయి. మన జముకు నాకు ఎక్కడా కనిపించలేదు. తీగను లాగి, సడలించి మీటుతుంటే స్వరం ఎక్కి దిగే ఆ వాద్యం, గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని మోగించే తప్పెటగుళ్ల మోత, బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణ నాదం రికార్డు చేయగలిగేది ఇక్కడి పిల్లలే. 2020లో ‘పలాస 1978’ సినిమా వచ్చినప్పుడు ఉత్తరాంధ్ర జానపదానికి రాష్ట్రమంతా ఎలా ఊగిందో చూశాం. పిల్లలు ఈ శబ్దాలు సేకరించాలి. కళాకారుడి అనుమతి తీసుకోవాలి, ఎందుకు వాడతారో చెప్పాలి, ఎంతో కొంత డబ్బు చేతిలో పెట్టాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో నిమిషానికి 17 మెగాబైట్లే కాబట్టి వంద నిమిషాల రికార్డింగ్ ఏ పెన్‌డ్రైవ్‌లోనైనా పడుతుంది. ఒక జాగ్రత్త. జానపదులు ఆవేశం పెరిగేకొద్దీ వేగం పెంచుతారు. సాఫ్ట్‌వేర్ ఆ వేగాన్ని సగంగానో రెట్టింపుగానో లెక్కగట్టే ప్రమాదం ఉంది. అందుకని ముక్కలుగా కోసి, వాద్యం, ఊరు, వేగం ఫైలు పేరులోనే రాసుకోవాలి. అలా పేర్లు పెట్టిన రెండు వందల శబ్దాలు, పేరు తెలియని లక్ష శబ్దాల కంటే వేగంగా దొరుకుతాయి.

ముందుముందు పెద్ద సంస్థలో చదవాలనుకునేవారికి అర్హతల మాట: పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో సౌండ్ కోర్సుకు డిగ్రీ ఉండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ సంస్థలోనూ ఈ కోర్సు ఉంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో హౌరా రైలెక్కితే హైదరాబాద్ వెళ్లినంత దూరమే.

తల్లిదండ్రులకు చివరిగా ఒక విన్నపం. ఎనిమిదో తరగతి పిల్లను ‘టీవీ షోకి ఎప్పుడు వెళ్తావ్’ అని, ఇంటర్ పిల్లవాణ్ని ‘పక్కింటోడి పాటకి ఎన్ని వ్యూస్ వచ్చాయో చూశావా’ అని వేధించకండి. ఈ సెలవుల్లో రీపర్ ఎక్కించి, ఒక మంచి హెడ్‌ఫోన్ కొనిచ్చి వదిలేయండి. మాటలు తీసేసిన నిమిషం వీడియోకు అడుగుల చప్పుడు, గాలి, తలుపు, దూరంగా బండి అన్నీ తానే వెతికి అమర్చమనండి. ఎవరూ చెప్పకుండా రెండో వీడియో మొదలుపెడితే అప్పుడు మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ గురించి మాట్లాడుకుందాం. మూడు వారాలకే మానేస్తే ఒక్క మాట అనకుండా డిగ్రీ దరఖాస్తు నింపించండి.