వయసు మళ్ళిన చర్మానికి ఏ పూత మంచిది?

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థికి, అరుగు మీద కూర్చున్న నాయనమ్మో అమ్మమ్మో దువ్వెనతో కాళ్ళు గీరుకుంటూ కనిపించడం కొత్త కాదు. మోకాలి కింద చర్మం ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చి వుంటుంది. తెల్లటి పొట్టు రాలుతుంది. రాత్రిపూట దురదతో నిద్ర వుండదు. "వయసొచ్చింది కదరా, ఇంతే" అని ఆవిడ అంటుంది. మనమూ సరే అనుకుంటాం. కాని దీనికి కారణం తెలిసినదే, ఉపశమనమూ వున్నది. అందుకు కావలసినది ఖరీదైన సీసా కాదు, కాస్త అవగాహన.

చర్మంలో జరిగేదేమిటి?

చర్మంలో అన్నిటికంటే పైనున్న పొరను స్ట్రాటమ్ కార్నియం అంటారు. అరచేతులు, అరికాళ్ళు మినహాయిస్తే దీని మందం సుమారుగా మిల్లీమీటరులో నూరవ వంతు నుండి ఏభయ్యవ వంతు మాత్రమే. దీనిని ఒక గోడ అనుకోండి. మృతకణాలు ఇటుకలు, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం. ఆ కొవ్వులో దాదాపు సగం సెరమైడ్లు. తక్కినది ముఖ్యంగా కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. ఇటుకల లోపల ఎమైనో ఆమ్లాలు, లాక్టిక్ ఆమ్లం, యూరియా వంటివి వుండి నీటిని పట్టి వుంచుతాయి.

వయసు పెరిగేకొద్దీ ఈ సున్నం తయారీ తగ్గుతుంది. గోడకు దెబ్బ తగిలితే మరమ్మతు ఆలస్యమవుతుంది. చర్మంలోని నూనె గ్రంథులు మందగిస్తాయి. స్త్రీలలో ముట్లు ఆగిన తరువాత ఈ మార్పు మరీ స్పష్టం. దీనికి చలికాలపు పొడిగాలి తోడయితే లోపలి నీరు ఆవిరైపోతుంది.

నూనె రాస్తే చర్మం మెత్తబడుతుందని మనందరి నమ్మకం. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ పరిశోధకుడు ఎండి గట్టిపడిన చర్మపు పొరతో ప్రయోగాలు చేశాడు. దానిని మెత్తబరిచేది నీరేగాని నూనె కాదని తేల్చాడు. అయితే నూనె వృథాయా? కానే కాదు. నీటిని పోనీయకుండా కాపలా కాయడమే దాని పని.

మూడు రకాల పదార్థాలు

మాయిశ్చరైజర్ పేరు ఏదైనా, అందులో పనిచేసేవి మూడు రకాలు.

మొదటి రకం నీటిని పట్టి వుంచేవి: గ్లిజరిన్, యూరియా, లాక్టిక్ ఆమ్లం. రెండవ రకం పైన మూతలా పరుచుకునేవి: పెట్రోలియం జెల్లీ, లానోలిన్, ద్రవ పారఫిన్. వీటిలో పెట్రోలియం జెల్లీని మించినది దాదాపు లేదు. ఇది 1872లోనే పేటెంటు పొందిన పాత సరుకు, ధర కూడా తక్కువ. మూడవ రకం కణాల సందులు పూడ్చి నునుపు చేసేవి: కొవ్వు ఆమ్లాలు, సెరమైడ్లు, కొన్ని వంటనూనెలు.

ముదిమి చర్మానికి మొదటి రెండు రకాలూ కలిసి వుండాలి. ఒక్క గ్లిజరినే పూస్తే పొడిగాలిలో పట్టిన నీరు నిలవదు. ఎండిన చర్మంపై ఒక్క జెల్లీయే పూస్తే మూత వున్నది గాని కింద నీరు చాలదు.

మరి మన ఇంటి నూనెల మాటో? 2004లో ప్రచురితమైన ఒక పరీక్షలో, పొడిచర్మానికి కొబ్బరినూనె ద్రవ పారఫిన్‌తో సమానంగా పనిచేసింది. 2013 నాటి మరొక పరిశీలనలో ఆలివ్ నూనె చర్మపు గోడను బలహీనపరచింది. పొద్దుతిరుగుడు నూనె ఆ హాని చేయలేదు. కనుక సహజమైనదల్లా మేలు చేస్తుందనీ అనుకోరాదు, పాతదల్లా పనికిరాదనీ అనుకోరాదు.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

లోషన్‌లో నీరెక్కువ, క్రీములో తక్కువ, ఆయింట్‌మెంటులో అతి తక్కువ. బాగా ఎండిన కాళ్ళకు, చేతులకు పగలు క్రీము, రాత్రి ఆయింట్‌మెంటు మంచిది. డబ్బా వెనుక గ్లిజరిన్ గాని, 5 నుండి 10 శాతం యూరియా గాని వుందేమో చూడండి. పగిలిన చోట యూరియా మండుతుంది. అక్కడ జెల్లీయే మేలు. సువాసన లేనిది ఎంచుకోండి.

ఏది పూశామన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు పూశామన్నదీ అంతే ముఖ్యం. గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం ముగించి, తువ్వాలుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే, అంటే మూడు నాలుగు నిమిషాల్లోపే పూయాలి. మామూలు సబ్బు క్షారగుణం కలది. చర్మానిదేమో స్వల్ప ఆమ్లగుణం. అందుచేత పెద్దవాళ్ళు చంకలు, గజ్జలు, పాదాల వంటి చోట్లకే సబ్బు వాడితే చాలు.

కొన్ని జాగ్రత్తలు

జెల్లీ, పారఫిన్ అంటిన బట్టలు నిప్పు తగిలితే త్వరగా మండుతాయి. పూత పూసుకున్న చీరతో పొయ్యి దగ్గరకు పోనీయకండి. అరికాళ్ళకు పూస్తే మేజోళ్ళు తొడగండి, లేకుంటే జారి పడే ప్రమాదం వుంది. మధుమేహం వున్నవారు కాలివేళ్ళ సందుల్లో పూయరాదు. మడమ పగులు పుండు కాకుండా రోజూ చూసుకోవాలి. దురదకని దుకాణంలో అడిగి స్టీరాయిడ్ క్రీము తేవద్దు. పల్చబడిన చర్మాన్ని అది మరింత పల్చబరుస్తుంది. రెండు మూడు వారాలు శ్రద్ధగా పూసినా దురద తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ జబ్బుల్లో కూడా ఒళ్ళంతా దురద రావచ్చు.

ఈసారి సెలవులకు వెళ్ళేటప్పుడు ఒక చిన్న జెల్లీ డబ్బా, ఒక గ్లిజరిన్ క్రీము సంచిలో వేసుకెళ్ళండి. వంగి కాళ్ళకు పూసుకోలేని పెద్దలకు మందు వున్నా లేనట్టే కదా! స్నానం కాగానే ఆవిడ కాళ్ళ దగ్గర ఓ ఐదు నిమిషాలు కూర్చుని మీరే పూయండి. ఆ రాత్రి ఆవిడ కాస్త నిద్రపోతే, మనం చదివిన విజ్ఞానం ఇంటికి చేరినట్టే.