పాత ఇంటి పని చేతికొస్తే

వరంగల్‌లో సివిల్ డిప్లొమా చేసి సైటు సూపర్‌వైజర్లుగా కుదిరిన పిల్లల కోసం, చిన్న చిన్న కాంట్రాక్టులు పట్టే మేస్త్రీల కోసం, కార్పొరేషన్ వార్డుల్లో తిరిగే ఏఈల కోసం ఇది రాస్తున్నాను. మట్టెవాడలోనో, గిర్మాజీపేటలోనో, హనుమకొండ కుమార్‌పల్లిలోనో మీకు ఎప్పుడో ఒకసారి పాత ఇంటి పని తగులుతుంది. భవంతి ఇల్లు, గూన పెంకల కప్పు, టేకు మొగురాలు, నడుమ ఆకాశం కనబడే ఖాళీ జాగ, మూరెడు మందం గోడలు. ఇంటాయన మిమ్మల్ని చుట్టూ తిప్పి చూపించి, "కూలగొట్టి కట్టాల్నా, బాగు చేయించాల్నా, మీరే చెప్పుండ్రి" అంటాడు. కాలేజీలో మనకు నేర్పింది ఆర్‌సీసీ. అందుకని నోటికి ముందుగా వచ్చే జవాబు "కూలగొట్టుడే మేలు సార్" అన్నదే. ఆ మాట అనేముందు ఒక్క వారం ఆగండి.

ఎందుకంటే ఆ ఇంటికి మీరు తప్ప దిక్కు లేదు. కాకతీయుల గుళ్లకు కేంద్ర పురావస్తు శాఖ ఉంది. రామప్పకు 2021 జూలైలో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. నిన్న మొన్నటి కట్టడాలకు ఆ అదృష్టం లేదు. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి, ఆ జాగలో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి మొదలుపెట్టారు. ఆస్పత్రి కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ నూట ముప్పై ఏళ్లు దాటిన గోడలు చూస్తుండగానే నేలమట్టమయ్యాయి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లుదీ అదే దారి. సర్కారు కట్టడాల సంగతే ఇట్లా ఉంటే, ఇద్దరన్నదమ్ముల పేరున ఉన్న పెంకుటిల్లు ఉండాలా పోవాలా అనేది పిలిచినప్పుడు వచ్చిన ఇంజినీరు చెప్పే ఒక్క మాట మీదే ఆధారపడుతుంది.

ఆ వారం రోజుల్లో చేయాల్సింది నీళ్ల జాడ పట్టడం. పాత ఇంటిని పాడుచేసేది వయసు కాదు, నీళ్లు. గోడ మీద అరచెయ్యి పెట్టి కింది నుంచి పైకి జరుపుకుంటూ పోండి. చల్లగా, మెత్తగా ఉన్న చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో సుద్దముక్కతో గీత గీయండి. గీత నేల నుంచి మోకాలు ఎత్తు దాకా సమంగా ఉంటే తడి కింది నుంచి ఎక్కుతున్నట్టు. పై నుంచి నాలుకల్లా దిగితే కప్పు కారుతున్నట్టు. ఒక్క చోటే మచ్చలా ఉంటే గోడ అవతల బాత్రూమో, కొళాయి పైపో, మురికికాల్వో ఉంటుంది. చుట్టూ వెళ్లి చూడండి, తప్పక దొరుకుతుంది.

కింది నుంచి ఎక్కే తడికి వరంగల్‌లో ఒక పెద్ద కారణం ఉంది, అది ఇంట్లో కనబడదు, వీధిలో కనబడుతుంది. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తున్నారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంటికి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాలి. అరుగులు రోడ్డులో కలిసిపోయాయి. 2023 జూలై వానలకు నగరం మునిగినప్పుడు ఇట్లాంటి ఇళ్లు ఎంత ఇబ్బంది పడ్డాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కార్పొరేషన్‌లో పనిచేసే వాళ్లకు నా విన్నపం ఇదొక్కటే: కొత్త రోడ్డు ఎస్టిమేటు రాసేటప్పుడు పాత పొర తవ్వి తీసే ఐటెం కూడా రాయండి. ఏ వారసత్వ పథకమూ చేయలేని మేలు ఆ ఒక్క లైను చేస్తుంది. ఇంటి వైపు నుంచైతే గోడ వెంబడి సన్నటి కాల్వ తీసి, కంకర నింపి, వాలు బయటికి ఇప్పించండి. గోడను ఆనించి వేసిన సిమెంటు గచ్చు ఉంటే జానెడు వెడల్పున కొట్టించెయ్యండి. లోపలి తడి బయటికి రావడానికి దారి దొరుకుతుంది.

ఇక సిమెంటు సంగతి. పెచ్చులూడిన సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరు కొట్టడం మన దగ్గర మరమ్మతు కింద చెల్లుతున్నది. అది గోడకు చేసే అపకారం. సున్నం తడిని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. సిమెంటు వదలదు. లోపల చిక్కిన తడి ఉప్పును వెంటబెట్టుకుని ఇటుకను తింటుంది. రెండు మూడు వానకాలాలు గడిచాక సిమెంటు పొర పలకలాగా ఊడి వస్తే వెనుక ఇటుక పొడి రాలుతుంది. అప్పుడు అందరూ "పాత గోడ కదా, బలం లేదు" అంటారు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేయించిన పనిలో పెద్ద భాగం ఇదే. వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఓపికగా ఒలిపించి, మళ్లీ సున్నం పెట్టించారు.

కాబట్టి డంగు సున్నం పని నేర్చుకోండి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేసి ఉడకనిచ్చి, కనీసం రెండు వారాలు నాననివ్వాలి. ఎంత నానితే అంత మెత్తని వెన్న దిగుతుంది. ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్లు కడిగిన ఇసుక వేసి గానుగలో నూరాలి. పాత సుతారులు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. పాళ్లు ఒక్కో మేస్త్రీకి ఒక్కో తీరు. అందుకే గోడంతా మొదలుపెట్టకుండా చాటంత జాగలో నమూనా పూసి పదిహేను రోజులు చూడండి. పగుళ్లు వస్తే ఇసుక పెంచండి, గోకితే రాలుతుంటే సున్నం చూసుకోండి. ఒక్కో పూత సెంటీమీటరు మించొద్దు. గోనె పట్టాలు తడిపి కప్పండి, నడి ఎండలో పూయొద్దు. ఉడికే సున్నం కంట్లో పడితే చూపు పోతుంది. పనివాళ్లకు కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఆ పని పెట్టొద్దు.

పెంకుల కప్పు దగ్గర అందరూ ఓడిపోతారు, ఓడించేది కోతులు. ఏటా మిరుగుకు ముందు పెంకలు సదిరించుకునే అలవాటు పోవడానికి సగం కారణం అవే. సదిరించిన వారానికే మళ్లీ ఊడబీకుతాయి. గూన పెంకలు చేసే కుమ్మరులూ తగ్గిపోయారు. ఇంటాయన రేకులు వేయించమంటాడు, ఆయన్ని తప్పుపట్టలేం. మధ్యేమార్గం ఉంది. దంతెల మీద చెక్క పరిపించి, దాని మీద నీళ్లు దిగని షీటు వేసి, పట్టీలు కొట్టి, పైన పెంకలు కప్పితే నాలుగు పెంకలు పోయినా ఇంట్లోకి చుక్క దిగదు. కోతులు ఎక్కువగా ఎక్కే అంచుల్లో పెంకలను తీగతో కట్టించండి. పక్క వీధిలో ఏ ఇల్లు కూలుతున్నా పెంకలు కొని దాచమని ఇంటివాళ్లకు చెప్పండి. చెదపట్టిన దూలం కనబడగానే మొత్తం మార్చేయాలని చూడొద్దు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. చాలాసార్లు గోడలో దిగిన కొస మాత్రమే చెడి, మిగతా కట్టె ఇనుములా ఉంటుంది. కొస కోసి కొత్త ముక్క అతికితే చాలు. ఆ పని తెలిసిన వడ్ల మేస్త్రీలు ఊర్లో ఇంకా ఉన్నారు. అయితే దూలాన్ని ముట్టుకునే ముందు కింద సపోర్టు నిలబెట్టాలి, ఇందులో మినహాయింపు లేదు.

గోడలో చీలిక ఉంటే భయపడటం, భయపెట్టడం రెండూ వద్దు. సన్నటి గాజు ముక్కను చీలికకు అడ్డంగా రెండు కొసలా అతికించి, పక్కన తేదీ రాయండి. ఒక వానకాలం దాటినా గాజు పగలకుంటే ఆ చీలిక ఎప్పుడో ఆగిపోయినదే, సున్నంతో పూడ్చేయొచ్చు. పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు, అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాల్సిందే. ఏటా వానలకు ముందు కార్పొరేషన్ శిథిల భవనాలకు నోటీసులిస్తుంది. నోటీసు వచ్చిందంటే కూల్చడమే అనుకునేవాళ్లు చాలామంది. అర్హత ఉన్న ఇంజినీరు పరీక్షించి రాసిన రిపోర్టు పెట్టి, మరమ్మతుకు గడువు అడగమని వాళ్లకు చెప్పండి. నిజంగా కూలే ఇల్లైతే మాత్రం మొహమాటం వద్దు, ముందు మనుషుల్ని బయటికి పంపండి.

ఏది విప్పినా ముందు రాసుకోండి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, తిరిగి తెరిచింది 2024 మార్చి 8న. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి అది, అడుగున కాకతీయుల ఇసుక పునాది. రాళ్లకు నంబర్లు వేసి ఉంచబట్టే అన్నేళ్ల తర్వాతైనా ఏ రాయి ఎక్కడిదో తెలిసింది. మీ భవంతి ఇంటికీ అదే లెక్క. టేపు పట్టి ప్లాను గీయండి, నాలుగు గోడలూ ఫొటోలు తీయండి, విప్పిన తలుపులకూ దంతెలకూ రంగుతో నంబర్లు వేయండి. చివరికి ఇల్లు కూల్చాల్సి వచ్చినా ఆ ప్లాను మిగులుతుంది.

ఖిలా వరంగల్‌లోనో, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కలో పనైతే చట్టం చూసుకోకుండా పార పట్టొద్దు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిషిద్ధ పరిధిలో కూడా 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటి మరమ్మతుకు కాంపిటెంట్ అథారిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక కోటలోని కుటుంబాలు కారే కప్పుల కింద ఏళ్లు గడుపుతాయి, లేదంటే రాత్రికి రాత్రి దొంగతనంగా కట్టుకుంటాయి. ఇంటి వయసు చూపే పాత పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఫొటోలు వెతికించి ఆ దరఖాస్తు సరిగ్గా పెట్టించడం కూడా మీ పనిలో భాగమే. దానికి ఫీజు అడగడంలో తప్పు లేదు.

ఫీజు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పాత ఇంటికి చదరపు అడుగు లెక్కన రేటు చెప్పొద్దు, మునుగుతారు. పెచ్చు తీస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. చూసి రాసిచ్చే పనికి ముందుగా వేరే రుసుము మాట్లాడుకోండి. ఆపైన ఐటెం వారీగా, గదివారీగా ఒప్పందం చేసుకోండి, విప్పాక బయటపడే పనికి రోజు కూలీ లెక్క పెట్టుకోండి. ఇందులో సామాను ఖర్చు తక్కువ, కూలీ ఎక్కువ. ఇంటాయనకు ఆ మాట మొదటి రోజే చెప్పండి. ఇంకో జాగ్రత్త, పాత ఇల్లు సాధారణంగా ఒక్కరి పేరున ఉండదు. పెద్దాయన వరంగల్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో, చెల్లె అమెరికాలో ఉంటారు. అందరి సంతకాలు లేకుండా దర్వాజ ఒక్కటి కదిపినా తగువు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఈ పని నమ్ముకుంటే తిండి దొరుకుతుందా అని పిల్లలు అడుగుతారు. దొరుకుతుంది, కాకపోతే నిదానంగా. కల్యాణ మండపం పనికి తమిళనాడు నుంచి శిల్పులను రప్పించుకోవాల్సి వచ్చింది. 2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం పెట్టిన హృదయ్ పథకానికి ఎంచిన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. ఆ పథకం 2019లో ముగిసినా కోట, మెట్లబావులు, గుళ్లు ఇక్కడే ఉన్నాయి, వాటి పని తీరదు. బీఆర్క్ చదివినవాళ్లకు ఢిల్లీ, భోపాల్ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలో పరిరక్షణ మీద పీజీ ఉంది. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ చిన్న శిక్షణలు నడుపుతుంది. సివిల్ వాళ్లు ఐఐటీ మద్రాసులో వారసత్వ కట్టడాల భద్రతకు పెట్టిన కేంద్రం ఏం చేస్తోందో గమనిస్తూ ఉండండి. డిప్లొమా వాళ్లకు, సుతారులకు నా సలహా వేరు. ఎక్కడైనా సున్నం పని నడుస్తున్న సైటులో, జీతం కొంచెం తక్కువైనా, ఒక ఏడాది కుదురుకోండి. అరవై దాటిన సుతారి ఎవరైనా దొరికితే ఆయన దగ్గర పాళ్లు రాసుకోండి, ఆయనకు ఆ రోజు కూలీ ఇచ్చి మరీ రాసుకోండి.

పని ముగించి తాళాలు అప్పగించేటప్పుడు ఇంటివాళ్లకు ఒక కాగితం రాసివ్వండి. ఏ గోడకు ఏ పాళ్ల సున్నం పెట్టారు, ఏ దూలం కొస మార్చారు, విడి పెంకలు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ పెట్టారు, కాల్వలో చెత్త ఏ నెలలో తీయించాలి, గోడకు మేకు కొట్టాలన్నా ఎవరిని పిలవాలి. దాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. తర్వాతి ఇంటికి ఎస్టిమేటు వేసేటప్పుడు మీకు పనికొచ్చేది అదే.